ఆరో నంబరు కూలర్

హాజరు పట్టీలో అతని పేరు ఇంకేదో ఉండేది. గేటు దగ్గర కాపలాదారు కూడా దాన్ని ఏనాడూ పైకి చదివి ఎరగడు. ఆ ఎరువుల ఫ్యాక్టరీ మొత్తానికి అతను చువ్వన్న. మనిషి ఎండు పుల్లలా ఉంటాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకునేవారు. పాతవాళ్ళకు అసలు సంగతి తెలుసు. పంతొమ్మిదో ఏట పనిలో చేరిన రోజున అతని చేతికి ఏడు మీటర్ల ఇనుప చువ్వ ఒకటి ఇచ్చి, దాని కొనకు తీగల బ్రష్షు బిగించి, "ఇదిగో, ఈ చివర నుంచి ఆ చివరకు" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు గడిచినా ఆ పని అలాగే సాగుతూ ఉంది. చువ్వ పోయి నీళ్ళ జెట్ వచ్చిందంతే.

అతను శుభ్రం చేసేవాటిని ఇంజనీర్లు హీట్ ఎక్స్‌ఛేంజర్లు అంటారు, పనివాళ్ళు కూలర్లు అంటారు. చూడటానికి పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపాలా ఉంటుంది. లోపల బొటనవేలి లావున పన్నెండు వందల పైచిలుకు గొట్టాలు ఒక కొస నుంచి ఇంకో కొసకు బారుగా పేర్చి ఉంటాయి. గొట్టాల్లో నది నీళ్ళు పారతాయి. గొట్టాల చుట్టూ సలసల కాగే ద్రావణం తిరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు, మధ్యనున్న పల్చటి లోహం గుండా వేడి మాత్రం నీళ్ళలోకి దిగిపోతుంది. అంతా సవ్యంగా ఉంటే అంతే సంగతి. కాని నది నీళ్ళంటే ఒట్టి నీళ్ళు కావుగా. మట్టి వస్తుంది, పాచి వస్తుంది, కంటికి కనపడని సున్నం వస్తుంది. పళ్ళకు పట్టినట్టే గొట్టాలకూ గార పడుతుంది. గార ఒక కాగితం మందాన పట్టిందా, వేడి దిగడం మానేస్తుంది. ఇంకాస్త పట్టిందా, పైనున్న మేనేజరు కిందికి దిగి వస్తాడు.

గారను చూసి జాతకం చెప్పడంలో చువ్వన్నను మించినవాడు లేడు. మూత విప్పగానే చూపుడు వేలితో ఇంత గీరి, బొటనవేలితో నలిపి, "ఇది ఒండ్రు. ఇది పాచి, క్లోరిన్ సరిగ్గా వెయ్యలేదు. ఇది పైపు తుప్పు, ఎక్కడో పైనుంచి కొట్టుకొచ్చింది" అని చెప్పేసేవాడు. అనుమానం వస్తే భోజనం డబ్బాలోంచి నిమ్మచెక్క తీసి ఒక చుక్క పిండేవాడు. బుసబుస పొంగితే సున్నపు గార. ల్యాబులో వాళ్ళు మూడు రోజుల తర్వాత పంపే కాగితంలోనూ అదే ఉండేది, కాకపోతే ఇంగ్లీషులో.

ఇంట్లో ముగ్గురు. అతను, భార్య, భార్య తమ్ముడు. భార్య రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేది. అమ్మ పోయినప్పుడు తమ్ముడికి నాలుగేళ్ళు. అప్పటి నుంచి చంకన వేసుకుని పెంచింది. పెళ్ళికి ముందే, "నన్ను చేసుకుంటే వీడు కూడా నాతోనే వస్తాడు, చెప్పాను" అని చువ్వన్నతో ఖరాకండిగా చెప్పిన మనిషి. వాడిప్పుడు ఇరవై ఏడేళ్ళవాడై బావ దగ్గరే జెట్ పనిలో ఉన్నాడు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. మాట లేకపోతే పాట, పాట లేకపోతే ఈల. పనిలో అందరూ రేడియో అని పిలిచేవారు. మొహానికి మాస్కు, చెవులకు మూతలు బిగించినా లోపల కూనిరాగం ఆగేది కాదు.

ఆ ఫ్యాక్టరీలో పన్నెండు కూలర్లున్నాయి. పదకొండు కూలర్లను ఏడాదికొకసారి విప్పితే చాలు. ఆరో నంబరు మాత్రం మూడు నెలలకే మొరాయించేది. చువ్వన్న ముఠాలో ఎనిమిది మంది. ఏటా వాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ పని ఆ ఒక్కదానితోనే ఉండేది. చెప్పాలంటే, అది ఉండబట్టే ఎనిమిది మందీ కాంట్రాక్టరు దగ్గర ఏడాది పొడవునా ఉండగలిగారు. అందుకే ముఠాలో దాన్ని ఎవరూ తిట్టేవారు కాదు. "మన ఆరో తల్లి" అనేవారు. పదో తరగతి దాకా చదివి ముఠా లెక్కలూ కాగితాలూ రాసే మాస్టారు, "తల్లికి మళ్ళీ జ్వరం వచ్చిందిరోయ్" అని కేకేస్తే అందరూ నవ్వుకుంటూ జెట్ గొట్టాలు భుజాన వేసుకుని బయల్దేరేవారు.

చువ్వన్న కూడా నవ్వేవాడు. కాని ఆ జ్వరం ఎందుకొస్తుందో అతనికి తెలుసు. తెలిసి రెండేళ్ళయింది.

ఐదు, ఆరు, ఏడు నంబర్లు పక్కపక్కనే ఉండేవి. మూడూ తాగేది ఒకే నది నీళ్ళు. నీళ్ళు బయటకు పోయే చోట ఒక్కోదానికి చక్రం ఉన్న వాల్వ్ ఒకటి. చక్రం తిప్పి వాల్వ్ తెరిచేకొద్దీ మధ్యలోంచి మరలు కోసిన కడ్డీ ఒకటి పైకి లేస్తుంది. ఐదుకీ ఏడుకీ ఆ కడ్డీ మూరెడు ఎత్తున నిలబడి ఉండేది. ఆరోదానికి, శుభ్రం చేసి మూత బిగించిన వారానికల్లా, నాలుగు వేళ్ళ ఎత్తుకు దిగిపోయేది. అంటే ఎవరో నీళ్ళను సన్నగా చేస్తున్నారు. పరుగెత్తే నీళ్ళలో మట్టి కొట్టుకుపోతుంది. ఈసురోమంటూ నడిచే నీళ్ళలో అడుగుకు దిగుతుంది. పైగా సన్నటి ధార గొట్టంలోనే బాగా వేడెక్కి, సున్నాన్ని అక్కడే వదిలేస్తుంది. కింది వరసల్లో ఒండ్రు, వేడి తగిలే వైపు తెల్లటి గార. విప్పిన ప్రతిసారీ అదే కథ.

ఎవరితోనైనా అందామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడిగినవాడు ఎవడూ లేడు. అడగనిదే చెప్పడమెందుకు, ఇన్ని ఇళ్ళ పొయ్యి మీద నీళ్ళు పోయడమెందుకు అని మింగేశాడు.

ఆ ఏడాది చలికాలం చివర్లో ఆరోది మామూలు కంటే ముందే మొండికేసింది. మేనేజరు వచ్చి మూడు రోజుల పని రెండు రోజుల్లో కావాలన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియో జెట్ ఈటె, అంటే నీళ్ళు చిమ్మే పొడుగాటి సన్న గొట్టం, పట్టుకున్నాడు. ఆ నీళ్ళ ధార మామూలుది కాదు, సిమెంటు దిమ్మెను కూడా కోసేస్తుంది. ఈటె గొట్టంలోంచి వెనక్కి తన్ని బయటపడకుండా గొట్టం నోటి దగ్గర ఒక అడ్డుబిళ్ళ బిగించాలి. గార గట్టిగా ఉన్నచోట ఆ బిళ్ళ మాటిమాటికీ ఇరుక్కుంటోందని రేడియో దాన్ని విప్పి పక్కన పెట్టాడు. చువ్వన్న అప్పుడు అవతలి కొసన, ఏ గొట్టాలు తెరుచుకున్నాయో టార్చి వేసి చూస్తున్నాడు.

ఒక గొట్టం మధ్యలో పూర్తిగా పూడుకుపోయి ఉంది. ధారకు ముందుకు దారి లేక వెనక్కి తన్నింది. ఈటె పాములా బయటకు దూకి రేడియో ఎడమ పాదం మీదుగా ఒక్క గీత గీసింది. వాడు నీళ్ళు వదిలే పెడలు మీద నుంచి కాలు తీశాడు, నీళ్ళు ఆగాయి. మోత ఆగేసరికి చువ్వన్నకు అర్థమైపోయింది. అవతలి నుంచి ఇవతలికి ఎలా వచ్చాడో తర్వాత అతనికే గుర్తులేదు.

"ఏం లేదు బావా, చిన్న గాటు. బూటు కోసుకుంది, అంతే" అన్నాడు రేడియో, నేలమీద కూర్చుని. నిజంగానే పైకి పెద్దగా ఏమీ కనపడలేదు. బూటు మీద వేలెడు చీలిక, కింద కొద్దిగా నెత్తురు.

"మాట్లాడకు. కాలు కింద పెట్టకు" అన్నాడు చువ్వన్న.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రాడు గాయం చూసి, "నాలుగు కుట్లు వేస్తాను, రేపు వచ్చి కట్టు మార్పించుకోండి" అన్నాడు. చువ్వన్న జన్మలో డాక్టరుకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు చెప్పాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కాగితం చుట్టిన కార్డు ఒకటి తీశాడు. జెట్ పనివాళ్ళందరూ దగ్గర పెట్టుకోవాల్సిన కార్డు అది.

"కుట్టెయ్యకండి సార్. ఇది కత్తి గాటు కాదు. ఆ నీళ్ళు లోపలికి దూరిపోతాయి. మట్టీ గారా కూడా లోపలికి వెళ్ళుంటుంది. పైన ఇంతే ఉంటుంది, లోపల మాంసం అంతా చితికిపోతుంది. పెద్ద డాక్టరుగారిని పిలవండి. ఇదిగో, ఇందులో రాసుంది, చదవండి."

డాక్టరు చదివాడు. ఇంకోసారి చదివాడు. ఫోను అందుకున్నాడు.

సాయంత్రానికి ఆపరేషన్ అయింది. పాదం దక్కింది. చివరి రెండు వేళ్ళు దక్కలేదు.

మర్నాడు ఉదయం వార్డు బయట బెంచీ మీద భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. ఆవిడ పనిలోకి వెళ్ళలేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని ఎదురుగోడ వంక చూస్తోంది. వార్డు లోపలి నుంచి నర్సుతో ఏదో వాగుతున్న రేడియో గొంతు, మందు మత్తులో ముద్దముద్దగా, వినపడుతూనే ఉంది.

"అడ్డుబిళ్ళ వాడే తీశాడట. నాతో చెప్పాడు. బావ మీద కోప్పడకు అక్కా అన్నాడు" అంది ఆవిడ.

చువ్వన్న అన్నాడు. "అసలు ఆ కూలర్ నిన్న విప్పక్కర్లేదు."

"అంటే?"

చెప్పాడు. వాల్వ్ సంగతి, కడ్డీ సంగతి, నాలుగు వేళ్ళ సంగతి. ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాడు. ఆవిడకు కూలర్లంటే ఏమిటో తెలియదు కాని, రెండేళ్ళు అనే మాట అర్థమైంది.

"రెండేళ్ళ నుంచా?"

"ఊఁ."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే పని పోతుందనుకున్నాను. నా ఒక్కడిదే కాదు, అందరిదీ."

ఆవిడ లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననిపించింది. చీర కొంగు సర్దుకుని, "వాడికి పాలు తీసుకొస్తాను" అని నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "ఇంక నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తావు? వెళ్ళి చెప్పు" అంది. ఆ తర్వాత పదిహేను రోజులు ఇంట్లో ఆవిడ అతనితో అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఫ్యాక్టరీలో ఆ విభాగానికి కొత్తగా ఒక ఇంజనీరమ్మ వచ్చి ఆరు నెలలయింది. వచ్చిన దగ్గర నుంచి ఆవిడకు ఆరో నంబరుతోనే తలనొప్పి. నీళ్ళలో కలిపే రసాయనం మార్చి చూసింది, జల్లెడలు మార్పించింది. ఏదీ అంతగా పని చెయ్యలేదు. చువ్వన్న గుమ్మం దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడగానే ముందుగా, "మీ బావమరిదికి ఎలా ఉంది?" అని అడిగింది. అది అడగకపోయి ఉంటే ఏమయ్యేదో కాని, ఆ ఒక్క మాటతో అతనికి చెప్పే ధైర్యం వచ్చింది.

"బాగానే ఉన్నాడు మేడమ్. మీతో ఒక మాట చెప్పాలి. ఒకసారి నాతో బయటకు వస్తారా? ఇక్కడ చెబితే అర్థం కాదు."

వచ్చింది. మూడు వాల్వుల ముందూ నిలబెట్టి మూడు కడ్డీలూ చూపించాడు. ఆవిడ చూసింది. హెల్మెట్ పైకి జరిపి నుదురు రుద్దుకుంది.

"నేను రోజూ ఈ దారిలోనే నడుస్తాను" అంది చివరికి.

"మీరు మీటర్లు చూస్తారు మేడమ్. మేం ఇనుము చూస్తాం."

ఇద్దరూ కంట్రోల్ రూమ్‌కు వెళ్ళారు. అక్కడి సీనియర్ ఆపరేటరు అతని కంటే నాలుగేళ్ళు పెద్ద, నోటి దురుసు మనిషి. సంగతి వినగానే కుర్చీ గిర్రున తిప్పాడు.

"అవును, నేనే తగ్గించమన్నాను. తగ్గించక ఏం చెయ్యమంటావు? నువ్వు కడిగి తళతళలాడించి పోతావు. మర్నాటి నుంచి అది ద్రావణాన్ని మంచుగడ్డ చేసి పెడుతుంది. అది పలుకులు పలుకులుగా గడ్డకట్టి పైపు మూసుకుపోతే నువ్వొచ్చి తీస్తావా? ఆ రోజుల్లో ఎవరో మహానుభావుడు పెద్దదుంటే మంచిదని రెండింతల కూలర్ తెచ్చి పెట్టాడు. నాకు నీళ్ళు తగ్గించడం తప్ప ఇంకో దారి ఏముంది?"

చువ్వన్న రెండేళ్ళుగా మనసులో ఆ ఆపరేటరును బద్ధకస్తుడి కింద జమకట్టి ఉంచాడు. అతని వైపు కూడా ఒక బాధ ఉంటుందన్న సంగతి తట్టలేదు. కడిగిన వారానికి చలి, చలికి భయపడి నీళ్ళు తగ్గింపు, నీళ్ళు తగ్గేసరికి గార, గారకు మళ్ళీ కడుగుడు. కడిగేవాళ్ళు, నీళ్ళు తగ్గించేవాళ్ళు, విప్పమనేవాళ్ళు మూడు మూలల నుంచి దాన్ని తిప్పుతున్నారన్నమాట.

"నీళ్ళు తగ్గించకుండా ద్రావణం తగ్గిస్తే?" అంది ఇంజనీరమ్మ మెల్లగా. "కొంత ద్రావణాన్ని కూలర్‌లోకి పోనివ్వకుండా పక్క నుంచి దాటించి, తర్వాత కలిపేస్తే? వేడి మీ చేతిలోనే ఉంటుంది, నీళ్ళు పూర్తిగా పారతాయి."

"దానికి పక్కదారి పైపు కావాలిగా."

"ఉంది" అన్నాడు చువ్వన్న. ఇద్దరూ అతని వైపు తిరిగారు. "కూలర్ వెనకాల. బిళ్ళ వేసి మూసేశారు. నేను చేరిన కొత్తలో వాడేవాళ్ళు. పైన రంగు మీద రంగు వేసేసరికి ఎవరికీ కనపడటం లేదు."

ఆపరేటరు కాసేపు అతన్ని ఎగాదిగా చూసి, "ఇన్నాళ్ళూ ఏ గొట్టంలో దాక్కున్నావయ్యా నువ్వు?" అన్నాడు. అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు.

ముఠాకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. సామాన్ల గదిలో అందరూ బూట్లు విప్పుతున్నారు. మాస్టారు బూటు విప్పడం సగంలో ఆపేశాడు.

"నీ నోటితో నువ్వే చెప్పొచ్చావా అన్నా?"

"చెప్పాను."

"మా అందరి పొట్ట మీద కొట్టే ముందు మాతో ఒక మాట అనాలనిపించలేదా?"

"అంటే వద్దనేవాళ్ళు."

"అంటాం మరి! అనమా?" మాస్టారి గొంతు లేచింది. "నీకేం, పెద్దవాడివి, ఎక్కడైనా నాలుగేళ్ళు గడిపేస్తావు. నాకు ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. వాడి కాలి వేళ్ళు పోయినందుకు నాకు బాధ లేదనుకుంటున్నావా? వాడు నాకూ తమ్ముడిలాంటివాడే."

తప్పంతా తనదేనని, రెండేళ్ళ క్రితమే చెప్పి ఉంటే ఎవరి కాలికీ ఏమీ అయ్యేది కాదని చువ్వన్న అందామనుకున్నాడు. కాని అది మాస్టారి ప్రశ్నకు జవాబు కాదు. బూట్లు గూట్లో పెట్టి బయటకు వచ్చేశాడు. ఆ రోజు వెనకాల ఎవరూ రాలేదు.

వెనక పైపుకున్న పాత బిళ్ళ విప్పించి, వాల్వ్ బిగించడానికి నెల పట్టింది. ఆరో నంబరు నీళ్ళ వాల్వ్ పూర్తిగా తెరిచి, చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టారు. చువ్వన్న సలహా మీద ఇంకో పని కూడా మొదలుపెట్టారు. నెలకొకసారి పావుగంట సేపు నీళ్ళను వెనక నుంచి ముందుకు పారించడం. మొదటిసారి అలా చేసినప్పుడు కాలవలోకి కాఫీ రంగు నీళ్ళు వచ్చాయి. ఆపరేటరు స్వయంగా వచ్చి చూసి, "అబ్బో" అని వెళ్ళిపోయాడు.

మూడు నెలలు గడిచాయి. ఆరోదానికి జ్వరం రాలేదు. ఆరు గడిచాయి. కాంట్రాక్టరు ముఠాను నలుగురికి కుదించాడు. ఇద్దరు చక్కెర మిల్లుకు వెళ్ళారు, అక్కడ కూడా గొట్టాలే, కాకపోతే ఏడాదిలో నాలుగు నెలలే పని. మాస్టారు కూడా వెళ్ళిపోతాడనుకున్నారు. ఇంజనీరమ్మ అతని రాత చూసి, కూలర్లన్నిటి వేడి, నీళ్ళ ఒత్తిడి రోజూ నమోదు చేసే పని ఇప్పించింది. ఆ మాట ఆవిడ చెవిన వేసింది చువ్వన్నే. మాస్టారికి అది తెలుసు. తెలిసినా చాలా రోజులు ముక్తసరిగానే ఉన్నాడు. చక్కెర మిల్లుకు పోయినవాళ్ళలో ఒకడు దారిలో ఎదురుపడితే ఇప్పటికీ అవతలి పక్కకు దాటి నడుస్తాడు. చువ్వన్న అది చూసీ చూడనట్టు పోతాడు.

రేడియో ఐదో నెలలో కర్ర లేకుండా నడవగలిగాడు. జెట్ పనికి ఇక పనికిరాడు కాబట్టి నది ఒడ్డున పంపుహౌసులో జల్లెడలు చూసే పని ఇచ్చారు. ఆకులూ చెత్తా ముందే ఆపెయ్యడం ఆ పని. అక్కడ మాస్కు పెట్టుకోవక్కర్లేదు, పాడుకోవడానికి అడ్డేమీ లేదు. పంపుల రొదలో తన పాట తనకే వినపడటం లేదని ఫిర్యాదు చేసేవాడు. అక్క మాత్రం వాడు ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఆ కుంటి నడక మలుపు తిరిగేదాకా చూసేది. ఆ చూపు చువ్వన్న గమనించేవాడు. ఆవిడ క్షమించిందో లేదో ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడే ముందు ఒక మాట అంది. "నువ్వు ఆ రోజు డాక్టరును ఆపకపోతే కాలే తీసేసేవాళ్ళట కదా. నర్సు చెప్పింది." అంతే.

పదమూడో నెలలో, చూద్దామని మాత్రమే, ఆరో నంబరును విప్పారు. ఇంజనీరమ్మ, ఆపరేటరు, మాస్టారు, ముఠాలో మిగిలినవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. క్రేను రెండు కొసల మూతలూ పక్కకు తీసింది. చువ్వన్న టార్చి తీసుకుని ఒంగి, వరస తర్వాత వరస చూసుకుంటూ పోయాడు. అవతలి కొసన నిలబడ్డ మాస్టారి చొక్కా రంగు ప్రతి గొట్టంలోంచీ చుక్కలా కనపడింది. వేలు పెట్టి గీరితే పల్చటి పాచి, గోటికి కూడా నిండలేదు.

"ఏమంటారు?" అంది ఇంజనీరమ్మ.

"ఒక్కసారి మామూలు నీళ్ళతో కడిగి మూసేద్దాం మేడమ్. జెట్ అక్కర్లేదు."

అవతలి నుంచి మాస్టారు కేకేశాడు. "అన్నా, ఇటు పక్కనా ఏమీ లేదు. మేం ఇంటికి పోవచ్చా?" వెటకారమే. కాని 'అన్నా' అని పిలిచి చాలా కాలమైంది.

ఆ రోజు చువ్వన్న ఎండ వాలకముందే ఇంటికి చేరాడు. బట్టల మీద బురద మరక ఒక్కటి లేదు. భార్య తలుపు తీసి పైనుంచి కిందికి చూసి, "ఇవాళ పని లేదా?" అంది.

"ఉంది. విప్పాం, చూశాం, మూసేశాం."

"అంతేనా?"

"అంతే" అన్నాడు, చెప్పులు విడుస్తూ. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.